రిబ్ ఏదో, గోడ ఏదో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

ప్లాస్టిక్ పార్ట్ 3డీ మోడల్ స్టెప్ ఫైల్‌గా (వేర్వేరు డిజైన్ సాఫ్ట్‌వేర్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఫైల్) చేతికొచ్చిందంటే, డిజైనర్ ఏది ముందు గీశాడు, ఏది తర్వాత కలిపాడు అన్న చరిత్ర మామూలుగా అందులో ఉండదు. ముఖాలు, అంచులు, ఏ ముఖం పక్కన ఏది ఉందన్న సమాచారం, ఇంతే. ఇది రిబ్ (గోడకి బలానికి పెట్టే సన్నని పట్టీ), ఇది బాస్ (స్క్రూ లాంటివి బిగించడానికి పొడుచుకొచ్చే గుండ్రటి దిమ్మ) అని సాఫ్ట్‌వేరే వెతికి పట్టుకోవాలి. నాకు భలే ఇష్టమైన సమస్య ఇది.

1988లో జోషి, చాంగ్ అనే పరిశోధకులు ఒక పద్ధతి చెప్పారు. ప్రతి ముఖం ఒక బిందువు, రెండు ముఖాలు కలిసే అంచు ఒక గీత, ఆ అంచు లోపలికి మడిచినట్టుంటే 0, బయటికి పొడుచుకొస్తే 1. ఇలా గ్రాఫ్ కట్టి అందులో తెలిసిన నమూనాల కోసం వెతకడమే. మెషినింగ్‌లో కోసిన గాడులకీ గుంతలకీ ఇది బాగా సరిపోయింది.

మోల్డింగ్ పార్టుల (మోల్డ్ అనే అచ్చులో ప్లాస్టిక్ పోసి చేసేవి) దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. రిబ్ గోడకి కలిసేచోట 0 అంచు ఉండాలి కదా, కానీ అక్కడ ఫిల్లెట్ (మూలని గుండ్రం చేసే వంపు) వేసేస్తారు, దాంతో పదునైన అంచు పోయి నున్నగా కలిసే వంపు ముఖం వస్తుంది, నమూనా దొరకదు. అందుకే ముందు ఫిల్లెట్లని గుర్తించి పక్కన పెట్టాలి, నా లెక్కలో సగం కష్టం ఇక్కడే ఉంది. పైగా డ్రాఫ్ట్ (పార్ట్ మోల్డ్‌లోంచి సులువుగా ఊడిరావడానికి ఇచ్చే కొద్దిపాటి వాలు) వల్ల రిబ్ పక్క ముఖాలు సమాంతరంగా ఉండవు, పైకి వెళ్లేకొద్దీ రిబ్ సన్నబడుతుంది. రెండు రిబ్బులు ఒకదాన్నొకటి దాటితే ఒకే ముఖం ముక్కలవుతుంది.

ఇదంతా ఎందుకంటే, రిబ్ మందం గోడ మందంలో సుమారు 60 శాతం దాటితే అవతలి వైపు సింక్ మార్క్ (ప్లాస్టిక్ చల్లారేటప్పుడు పైన పడే చిన్న గుంట) పడే ప్రమాదం పెరుగుతుంది. రిబ్ ఏదో గోడ ఏదో తెలియకుండా ఆ లెక్క ఎలా చూస్తాం?

అండర్‌కట్ (మోల్డ్ తెరిచినప్పుడు పార్ట్ నేరుగా బయటికి రాకుండా అడ్డుపడే చోటు) సంగతి ఇంకా వేరు, అది ఆకారాన్ని బట్టి మాత్రమే తేలదు. మోల్డ్ తెరుచుకునే దిశలో ఉన్న రంధ్రానికి కోర్ పిన్ (మోల్డ్‌లో రంధ్రం కోసం పెట్టే కడ్డీ) చాలు, అదే రంధ్రం పక్క గోడలో ఉంటే చాలాసార్లు స్లయిడర్ (మోల్డ్‌లో పక్కకి జరిగే భాగం) కావాలి. కాబట్టి దిశ తేల్చకుండా అండర్‌కట్లు వెతకడం దండగ.

2021లో వచ్చిన బీరెప్‌నెట్, యూవీ-నెట్ లాంటి న్యూరల్ నెట్‌వర్కులు (ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌లు) ఈ ముఖాలూ అంచులూ ఎలా కలిశాయన్న దాని మీదే నేర్చుకుంటాయి. వాటి మీద నాకు నమ్మకం ఉంది, కానీ ఇలాంటి వాటికి నేర్పడానికి వాడే ఎమ్‌ఎఫ్‌క్యాడ్ లాంటి డేటాలో ఉన్నవి ప్రోగ్రామ్‌తో తయారుచేసిన మెషినింగ్ ఆకారాలు, ఫిల్లెట్లూ డ్రాఫ్టూ ఉన్న అసలు మోల్డింగ్ పార్టులు కావు. మీరు ఏదైనా టూల్‌ని పరీక్షిస్తుంటే రిబ్బులన్నీ వచ్చి ఒక బాస్‌ని తాకే పార్ట్‌ని, ఫిల్లెట్లు తీసేయకుండా, ఇచ్చి చూడండి.