నెమ్ము నీళ్లు, రెండు అంకెలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ వచ్చిందంటే దగ్గని మనిషి ఉండడు. నేను అక్కడ అడ్తి దుకాణంలో గుమాస్తాను, కాబట్టి నా దగ్గు ఎవరికీ వింతగా అనిపించలేదు. కానీ రెండు మెట్లెక్కితే ఆయాసం, రాత్రిపూట కుడివైపు తిరిగి పడుకుంటే తప్ప ఊపిరాడకపోవడం మొదలయ్యాక ఎక్స్‌రే తీయించాం. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, మన దగ్గర నెమ్ము అంటారే, అదే.

మంచం అంచున కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండేసి దాని మీదకు వాలమన్నారు. వీపులో మత్తు సూది ఇచ్చి ఇంకో సూది దించారు. నీళ్లు పలచటి డికాక్షన్ రంగులో సీసాలోకి దిగుతుంటే, నిజం చెప్తున్నా, భయం కంటే హాయిగా అనిపించింది. చివర్లో మాత్రం ఆగకుండా దగ్గు. నలిగి ఉన్న ఊపిరితిత్తి మళ్లీ విచ్చుకునేటప్పుడు అట్లా వస్తుందట, అందుకే ఒకేసారి లీటరున్నరకు మించి సాధారణంగా తీయరు.

రిపోర్టులో ప్రొటీన్ ఎక్కువ, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ఎక్కువ, సైటాలజీలో, అంటే కణాలను మైక్రోస్కోపులో చూసే పరీక్షలో, క్యాన్సర్ కణాలు లేవు. నీళ్లు తీసిన ప్రైవేటు ఆస్పత్రిలో టీబీ అన్నారు, ఆరు నెలల మందులు రాసిచ్చారు. మన దేశంలో ఇట్లాంటి నీళ్లకు చాలాసార్లు టీబీనే కారణం, అందుకే వాళ్లను మరీ తప్పుపట్టను. అయినా రిపోర్టు చివరిదాకా చూడాలి కదా!

చూసింది మా బామ్మర్ది. హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్. "బావా, టీబీ నీళ్లల్ల ఏడీఏ అనే ఎంజైమ్ మామూలుగా 40 దాటుతది, నీది 21 ఉంది. నెత్తురుల ఎల్‌డీహెచ్ చేపిచ్చిన్రా?" అన్నాడు. చేయించలేదు. అదీ ఒక ఎంజైమ్‌ను కొలిచే మామూలు రక్తపరీక్షే, పెద్ద ఖర్చేం కాదు. చేయిస్తే 760 వచ్చింది, ఆ ల్యాబ్‌లో 250 లోపు ఉండాలి.

ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన రిపోర్టు వెనకాల పెన్నుతో 760ని 21తో భాగించారు. 36. రక్తంలో ఎల్‌డీహెచ్‌ను నీళ్లలో ఏడీఏతో భాగిస్తే 20 దాటినప్పుడు క్యాన్సర్‌ను అనుమానించాలని 2016లో సింగపూర్ డాక్టర్లు రాశారట. కణాలు ఎక్కువగా పుట్టి చస్తుంటే ఎల్‌డీహెచ్ రక్తంలోకి కారుతుంది, టీబీతో పోరాడే లింఫోసైట్ల నుంచి ఏడీఏ వస్తుంది, కాబట్టి ఒకటి పెరిగి ఇంకోటి పెరగకపోతే ఎక్కడో తేడా ఉందన్నమాట. "ఇది అనుమానమే, రోగ నిర్ధారణ కాదు" అని ఆయన రెండుసార్లు చెప్పారు. లివర్ దెబ్బతిన్నా, రక్తం శాంపిల్ సరిగ్గా తీయకపోయినా ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. కొన్ని లింఫోమాల్లో, అంటే లింఫోసైట్లకే వచ్చే క్యాన్సర్లలో, ఏడీఏ కూడా ఎక్కువే ఉండి టీబీలాగే కనిపిస్తుంది. ఇక సైటాలజీ అంటారా, క్యాన్సర్ నీళ్లలో కూడా అది పదిమందిలో ఆరుగురినే పట్టుకుంటుంది, నెగెటివ్ వచ్చిందని ఊరుకోవద్దు.

మళ్లీ నీళ్లు తీసి ఈసారి ఎక్కువ మోతాదులో సెల్ బ్లాక్‌కు, అంటే నీళ్లలోని కణాలను ముద్దగా చేసి పల్చగా కోసి చూసే పరీక్షకు, పంపారు, మెడ పక్కన చిన్న గడ్డ దొరికితే దాని ముక్క కూడా తీశారు. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా. పేరు వినగానే మా ఆవిడ బెంచీ మీద కూలబడింది, డాక్టరేమో "ఇది మందులకు లొంగే రకం" అంటున్నారు, ఆ మాట మా ఇద్దరికీ ఇంటికొచ్చాకే ఎక్కింది.

హైదరాబాద్‌లో ఆర్-చాప్ అనే కీమో ఇచ్చారు, 21 రోజులకోసారి. అందులో ఎర్ర మందొకటి ఉంటుంది, ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, ముందే చెప్పకపోతే గుండె ఆగినంత పనవుతుంది. జుట్టు పోయింది, నోట్లో పుండ్లు, అన్నం మట్టిలా ఉండేది. కానీ రెండో సైకిల్ తర్వాత ఎక్స్‌రేలో నీళ్లు లేవు, ఎల్‌డీహెచ్ 210కి దిగింది. చివరి పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చింది. ఇప్పుడు చెకప్‌లకు వెళ్తున్నా, దుకాణంలో మళ్లీ లెక్కలు చూస్తున్నా, బస్తాల జోలికి మాత్రం పోవడం లేదు.

మొన్న మా సేటు వాళ్ల బంధువుకు కూడా నెమ్మని నీళ్లు తీశారని రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేనేం డాక్టర్ని కాను, ఒక్కటే అడిగా: అదే రోజు రక్తం ఇచ్చారా, ఎల్‌డీహెచ్ ఉందా అని. లేదన్నాడు. రేపు పొద్దున్నే వెళ్లి ఇవ్వమన్నా.