ట్రంకు పెట్టెలో క్లబ్బు

ఆదివారం. సికింద్రాబాద్‌లో ఒక పాత ఫుట్‌బాల్ క్లబ్బు గది తాళం తీశారు. చరిత్ర రాయాలట. ఆధారాలంటే ఇనుప ట్రంకు పెట్టె ఒకటి, గోడకు ఫొటోలు. పెట్టెలో అడుగున ఉన్న రెండు రిజిస్టర్లను చెదలు తినేశాయి. పైన ఉన్న నాలుగు మిగిలాయి.

మొదటి చిక్కు తేదీలది. అన్నిటికన్నా పాత రిజిస్టరు ఉర్దూలో ఉంది, 'ఆజర్ 1356 ఫస్లీ' అని మొదలవుతుంది. నిజాం కాలపు ఫస్లీ ఏడాదికి ఆజర్ తొలి నెల, అది అక్టోబరులో పడేది. అందుకని ఇంగ్లీషు ఏడాది రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591. ఈ లెక్కన ఇది 1946. అన్ని నెలలకూ 590 వేసేస్తే వేసవి టోర్నమెంట్లన్నీ ఒక ఏడాది వెనక్కి పోతాయి. క్లబ్బు స్వర్ణోత్సవం ఏ ఏడాదన్న తగాదాలు ఇక్కడే పుడతాయి.

జమాఖర్చుల్లో హాలీ (నిజాం రూపాయి) ఏదో కల్దార్ (బ్రిటిష్ ఇండియా రూపాయి) ఏదో చూసుకోవాలి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. బంతికి 14 హాలీ అని ఉంటే అది 12 కల్దార్లన్నమాట. పద్దులో అణాలు పోయి నయా పైసలు వచ్చాయంటే 1957 ఏప్రిల్ 1 దాటినట్టే.

ఫొటోల వెనక రాత నమ్మడానికి లేదు. చాలావాటి మీద ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో బాల్‌పెన్నుతో రాసిందే. అందుకే బంతినీ కాళ్లనూ చూడాలి. అయితే ఒకటి: కొత్త వస్తువు కనిపిస్తే 'అంతకు ముందుది కాదు' అనొచ్చు, పాత వస్తువు కనిపిస్తే ఏమీ తేలదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. అది పెద్ద పోటీల సంగతి. డబ్బుల్లేని బస్తీ జట్టు ఆ తర్వాత కూడా వట్టి కాళ్లతోనే దిగేది. కాబట్టి వట్టి కాళ్లు చూసి 1952కు ముందని రాయకూడదు. స్కోరు షీటులో ఎల్లో కార్డు ఉంటే మాత్రం 1970కి ముందు కానే కాదు, కార్డులు మొదలైందే ఆ ఏడాది మెక్సికో ప్రపంచ కప్‌లో.

లెటర్‌హెడ్డూ మోసం చేస్తుంది. 'హైదరాబాద్' అని ఉన్నంత మాత్రాన, హైదరాబాద్ రాష్ట్రం రద్దయిన 1956 నవంబరుకు ముందుదని అనుకోకూడదు. 1957లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు కూడా హైదరాబాద్ పేరుతోనే ఆడింది.

ఒక నిబంధనల కాగితం మీద 'డ్రిబ్లింగ్ చేస్తే ఫౌల్' అని ఉంది. కుర్రాళ్లు నవ్వారు. నవ్వాల్సింది కాదు. హైదరాబాద్ జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడ డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని దొర్లించుకుంటూ పోవడం) లేని పోటీలు పెట్టించేవారు, ఎడమ కాలితోనే ఆడే పోటీలు కూడా. బంతి తన దగ్గర అట్టిపెట్టుకోకుండా పాస్ ఇవ్వడం అలవాటవ్వాలని. 1962 జకార్తా ఏషియాడ్ స్వర్ణం వెనక ఇలాంటి సాధన ఉంది.

పెద్దవాళ్ల మాటల్లో ఆటగాళ్ల పేర్లు, ఎవరు ఏ స్థానంలో ఆడారన్నది దాదాపు సరిగ్గా ఉంటాయి, స్కోర్లే పెరుగుతాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును వరసగా ఐదుసార్లు గెలిచింది కదా, ఆ పోలీసుల మీద గోల్ కొట్టినవాళ్లు ప్రతి వీధిలో ఒకరున్నారు. ఇద్దర్ని విడివిడిగా అడిగి, రిజిస్టరుతో కలిస్తేనే రాయాలి.

ఒక ఫొటో అద్దానికి అంటుకుపోయింది. ఎవరో గోరు పెట్టి లాగబోతే ఆపారు. లాగితే మొహాలు అద్దంతోనే ఉండిపోతాయి. అద్దంతో సహా కిటికీ దగ్గర ఏటవాలుగా పెట్టి, ఫ్లాష్ లేకుండా, కెమెరా వెనక నల్ల గుడ్డ అడ్డం పట్టి దాన్ని ఫొటో తీశారు. అప్పుడే ప్రతిబింబం పోయింది. తుప్పు గుండు సూదులు తీసేసి, సెల్లోటేపు ఊసెత్తకుండా, ఒక్కో కాగితం మధ్య తెల్ల కాగితం పెట్టారు.

పెట్టె మూలన లేసు కట్టే తోలు బంతి ఒకటి దొరికింది. లేసు కింద తోలు కట్టెలా బిగిసిపోయింది, తలతో కొట్టినవాడి నుదురు గీసుకుపోయేది ఈ లేసు దగ్గరే. పంపు తెచ్చారు గానీ గాలి కొట్టనివ్వలేదు. లోపల బ్లాడర్ రబ్బరు పెళుసైపోయి ఉంటుంది, తోలు కుట్లు కూడా తెగుతాయి. పాత చీర ముక్కలు మెల్లగా కూరి గుండ్రంగా నిలబెట్టారు.