మోగని అలారం

పొద్దున్న 5:40. క్రేట్‌లో, అంటే పడుకోబెట్టే బోనులో, మా కుక్కపిల్ల పిడుగుగాడు ఒళ్ళు విరుచుకున్న చప్పుడుకి మెలకువొచ్చింది. గడియారం చూశాను, నమ్మకం కుదరక మళ్ళీ చూశాను. రాత్రి 10:45కి లోపల పడుకోబెట్టాం. మధ్యలో ఒక్కసారీ లేవలేదు. పక్కగుడ్డ తడిమితే పొడిగా ఉంది. వాణ్ణి చంకనేసుకుని బయటికి పరిగెత్తాను. నడిపించి తీసుకెళ్తే గడప దగ్గరే పని కానిచ్చేస్తాడు, ఆ అనుభవం అయింది. చెట్టు కింద దింపితే ఎంతసేపు పోశాడో!

ఇంటికొచ్చినప్పుడు 8 వారాల పిల్ల. ఇప్పుడు 15 నిండాయి. ఎన్ని నెలల పిల్లయితే దానికి ఒకటి కలిపి అన్ని గంటలు ఆపుకోగలదని ఓ మోటు లెక్క ఉంది. అంటే 2 నెలల పిల్లకి 3 గంటలు. నిద్రలో మూత్రం తయారవడం నెమ్మదిస్తుంది కాబట్టి రాత్రిళ్ళు ఇంకాస్త ఆగగలదు. ఇంత తెలిసీ, మొదటి వారం నడిరాత్రి ఏడిస్తే మొండితనమనుకుని చెవుల మీద దిండు పెట్టుకున్నాను. తెల్లారి చూస్తే గుడ్డంతా తడిసి ఉంది, వాడు ఓ మూల ముడుచుకుని ఉన్నాడు. తాను పడుకునే చోటు పాడుచేసుకోవడం కుక్కకి ఇష్టం ఉండదు. క్రేట్ అలవాటు నిలబడేదే ఆ గుణం మీద. దాన్ని నేనే చెడగొట్టబోయాను.

పైగా పెద్దయ్యాక కూడా పనికొస్తుందని పెద్ద క్రేట్ కొన్నాను. ఓ మూల పోసి ఇంకో మూల హాయిగా పడుకునేంత జాగా. దాంతోపాటు వచ్చిన అడ్డుపలక అట్టపెట్టెలోనే ఉండిపోయింది! అది బిగించి, వాడు లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపుకునేంత చోటు మాత్రమే ఉంచాక తడి తగ్గింది. గుడ్డని మామూలు సబ్బుతో ఉతికితే వాసన మన ముక్కుకి పోతుంది గానీ వాడి ముక్కుకి పోదు. మూత్రం వాసనని మూలంతో సహా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ తెచ్చాకగానీ ఆ గొడవ తీరలేదు.

అసలు గొడవ మా ఆయనతో. అర్ధరాత్రి వాడు కుయ్యిమంటే చాలు లైటు వేసి, "ఏరా నాన్నా, లేచావా" అని ముద్దులు, ఆ వెంటనే బంతి. కొత్తల్లుడొచ్చినంత హడావుడి. నాలుగు రోజులకి వాడు ఒంటికి రాకపోయినా బంతి కోసమే లేవడం మొదలుపెట్టాడు. లైటు వద్దు, మాట వద్దు, తాడు కట్టి అదే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళడం, 5 నిమిషాలు చూడడం, అయితే మెల్లగా ఒక శభాష్, మళ్ళీ క్రేట్‌లోకి అన్నాను. "వాడి మొహం చూస్తూ మాట్లాడకుండా ఎలా ఉంటావే?" అన్నారు. చీకట్లో మొహం ఎందుకు చూడాలట?

వాడు ఏడ్చాక లేవడం కాదు, ఏడవకముందే మనం లేవాలని తర్వాత అర్థమైంది. మొదట్లో రాత్రికి రెండు అలారాలు, 12 వారాలకి ఒక్కటే, 3 గంటలకి. మూడు రాత్రులు పొడిగా గడిస్తే మరో 15 నిమిషాలు ఆలస్యంగా పెట్టడం. అలా జరిపి జరిపి 4:45 దాకా తెచ్చి, నిన్న రాత్రి తీసేశాను. మధ్యలో 11వ వారంలో గంటగంటకీ లేచి చుక్కలు చుక్కలుగా పోస్తుంటే పెంపకంలో లోపమనుకుని తల బాదుకున్నాను. డాక్టరు గారు చూసి మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. మందులతో తగ్గింది.

సాయంత్రాల సంగతి రాయాలి. తిండి 7కల్లా అయిపోవాలి. 9కి నీళ్ళ గిన్నె తీసేస్తాను. పగలంతా ఎంత తాగినా సరే. ఎండగా ఉన్న రోజునా, బాగా ఆడి రొప్పుతున్నప్పుడూ మాత్రం గిన్నె తీయను. గిన్నె తీసినప్పుడు వాడు చూసే చూపు ఉంది చూడండి, దొంగతనం చేసినట్టుంటుంది నాకు. ఇక పడుకునే ముందు తీసుకెళ్ళినప్పుడు మొదటిసారి పోయగానే లోపలికి లాక్కురాకూడదు. వాసన చూసుకుంటూ నాలుగడుగులు వేసి ఇంకోసారి పోస్తాడు. ఆ రెండోదే మన నిద్ర.

నిన్న రాత్రి అలారం లేకపోయినా 3కి నాకు మెలకువొచ్చేసింది. వాడి ఊపిరి వింటూ పడుకున్నాను. బాత్రూముకి వెళ్ళాలనిపించింది గానీ ఆ తలుపు కిర్రుమంటుంది, వాడు లేస్తాడేమోనని తెల్లారేదాకా ఆపుకున్నాను.

ఇప్పుడు రాత్రి 10:35. మా ఆయన చెట్టు దగ్గర వాడితో నిలబడ్డారు. ఒకటి అయిందట, రెండోదాని కోసం చూస్తున్నారు.