అన్నమ్మగారి వేలు

జూలై 26 దగ్గరపడుతోందంటే మా కతోలిక గుడిలో శాలువాలు కొనే హడావిడి మొదలవుతుంది. మరియమ్మను కన్నవాళ్లు, యేసుకు అమ్మమ్మా తాతయ్యా అయిన పునీత అన్నమ్మ, జ్వాకీముల పండుగ కదా. ముసలివాళ్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఫొటో తీసి, స్టేటస్ పెట్టి, టిఫిన్ పొట్లాలు పంచేస్తాం. పోయినేడు పూజలో గురువుగారు పీఠం దగ్గర దివ్య అప్పాన్ని పైకెత్తే వేళకు మా వరుసలో ఒక పిల్లాడు నాయనమ్మ ఒళ్లో కూర్చుని సెల్లులో బొమ్మలు చూస్తున్నాడు. ఫోను జారకుండా ఆమే పట్టుకుంది. ఒళ్లు మండింది. పూజయ్యాక అడుగుదామనుకుని ఊరుకున్నాను.

మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు నేషనల్ గ్యాలరీలో, మసక వెలుతురులో, లియొనార్డో డావిన్సీ గీసిన పెద్ద నమూనా బొమ్మ ఒకటి చూశాను. అయిదు వందల ఏళ్ల నాటిది. ఎనిమిది కాగితాలు అతికించి, బొగ్గుతో, తెల్ల సుద్దతో గీశాడు. అన్నమ్మ ఒళ్లో మరియమ్మ, ఆమె చేతుల్లోంచి ముందుకు వాలిన బాలయేసు, ఎదురుగా, పెద్దయ్యాక బాప్తిస్మమిచ్చే యోహాను, ఇంకా చిన్నారిగా. మన మగ్గం వర్కు వాళ్లు ట్రేసింగ్ పేపరును సూదితో పొడిచి, పొడి రుద్ది డిజైను బట్ట మీదికి దించుతారు చూడండి, ఆ రోజుల్లో చిత్రకారులూ అంతే. దీని మీద మాత్రం సూదిపోట్లు లేవు. దీన్ని అలా ఏ గోడ మీదికీ, ఏ పలక మీదికీ దించలేదు.

ముఖాలను ఎంత మెత్తగా తీర్చాడో! అన్నమ్మగారి ఎడమచెయ్యి మాత్రం ఒట్టి గీత. నీడా లేదు, సుద్దా లేదు. చూపుడువేలు పైకి. ఇదంతా పరలోకపు నిర్ణయం అని దాని భావమంటారు. సరే. నా మనసు మాత్రం యోహాను దగ్గర ఆగిపోయింది. యోర్దాను నది ఒడ్డున యేసును "ఇదిగో దేవుని గొఱ్ఱెపిల్ల" అని చూపించబోయేది ఆయనే కదా! ఆ చూపించడం ఇక్కడ ఇంకా ఆయనకు రాలేదు, ముసలమ్మ దగ్గరే ఉంది. బాలయేసు కుడిచేత్తో దీవిస్తూ, రెండో చేత్తో ఆ పసివాడి గడ్డం పట్టుకున్నాడు. లియొనార్డోయే తర్వాత వేసిన యోహాను చిత్రం పారిస్‌లో ఉంది. అందులో పైకెత్తిన వేలు యోహానుదే.

యేసు జీవితం చెప్పే సువిశేషాల్లో అన్నమ్మగారి పేరే లేదు. యోహాను తల్లి ఎలిజబేతమ్మ కడుపులో శిశువు గంతులేసిన సంగతి రాసిన లూకా కూడా ఈమె ఊసెత్తలేదు. "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అని యోహాను ఎప్పుడో పెద్దయ్యాక అన్నాడు. అన్నమ్మగారి ఈ చెయ్యి అప్పటికే తగ్గి ఉంది, గీతంత.

మా అమ్మమ్మకు చదువు రాదు. పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. వేళ్లకు ఆ జిగురు మరక ఎన్నడూ వదల్లేదు. గుడిలో గంట మోగగానే నా గడ్డం పట్టుకుని మొహం పీఠం వైపు తిప్పి, "అదుగో, సామి" అనేది. నాకు ముందు కనపడేది ఆ నల్లటి గోరు.

అమ్మమ్మలూ, నాయనమ్మలూ, మిమ్మల్నే. శాలువా కప్పించుకోండి, కాదనను. గంట మోగగానే ఆ ఫోను సంచీలో పడేసి, పిల్లాడి మొహం అటు తిప్పండి. వాడు గింజుకుంటాడు. నేనూ గింజుకున్నాను.