సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్నలు, రాత్రి రెండింటి ప్రశ్నతో సహా

హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, మోకీలు మార్పిడి లాంటి ఆపరేషన్లకు తేదీ మన చేతిలోనే ఉంటుంది. ఆ వ్యవధిని చాలామంది "ఏ ఆస్పత్రి మంచిది?" అని తెలిసినవాళ్లను అడగడంతోనే గడిపేస్తారు. గుండె వైద్యానికి పేరుమోసిన చోట మోకీళ్ల ఆపరేషన్లు ఏడాదికి పది కూడా జరగకపోవచ్చు.

సర్జన్‌నే అడగండి: "ఇదే ఆపరేషన్ పోయిన ఏడాది మీరు ఎన్ని చేశారు?" అడగడానికి మొహమాటపడొద్దు. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగులపై 2002లో వచ్చిన అధ్యయనం ప్రకారం, క్లోమం కోసి తీసే ఆపరేషన్ తర్వాత మరణాలు అది అరుదుగా చేసే ఆస్పత్రుల్లో 16.3 శాతం, బాగా ఎక్కువగా చేసేచోట 3.8 శాతం. మెడలోని ధమనికి చేసే ఆపరేషన్‌లో మాత్రం అవి 1.7, 1.5 శాతం, అంటే తేడా దాదాపు లేనట్టే. మామూలు హెర్నియాకు దూరం వెళ్లక్కర్లేదు. క్లోమానికి, అన్నవాహికకు అయితే ఎంత దూరమైనా వెళ్లాల్సిందే.

అంతకన్నా ముఖ్యమైనది, దాదాపు ఎవరూ అడగనిది ఇంకోటి ఉంది. 2009 నాటి మరో అమెరికా అధ్యయనంలో, మరణాలు తక్కువున్న ఆస్పత్రుల్లోనూ ఎక్కువున్నవాటిలోనూ ఆపరేషన్ తర్వాతి చిక్కులు ఇంచుమించు సమానం: రెండుచోట్లా 25 శాతానికి అటూఇటూ. తీవ్రమైన చిక్కు వచ్చినవాళ్లలో చనిపోయింది మాత్రం ఒకచోట 12.5 శాతం, ఇంకోచోట 21.4 శాతం. చిక్కును ఎంత త్వరగా కనిపెట్టి, ఎంత త్వరగా కదిలారన్నదే ప్రాణం నిలబెడుతుంది. అందుకే అడగండి: రాత్రి రెండింటికి లోపల రక్తస్రావమైతే ముందు ఎవరు చూస్తారు? సర్జన్ ఎన్ని నిమిషాల్లో వస్తారు? మత్తు డాక్టరు రాత్రి ఆస్పత్రిలోనే ఉంటారా? ఐసీయూ ఇక్కడే ఉందా, అంబులెన్సులో వేరేచోటికి పంపుతారా? స్కానింగు, రక్తం ఆ వేళకు దొరుకుతాయా? రాత్రి వార్డులో ఒక నర్సుకు ఎంతమంది రోగులు?

"మా దగ్గర ఇన్ఫెక్షన్లే లేవు" అంటే సంతోషించకండి, లెక్క పెట్టడం లేదేమో అనుకోండి. కుట్ల దగ్గర చీము చాలాసార్లు డిశ్చార్జి అయ్యాకే పడుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత 30 రోజులు, కృత్రిమ కీలు లాంటివి అమర్చితే 90 రోజులు గమనించి లెక్కిస్తారు. ఇంటికి వెళ్లినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కునే ఆస్పత్రికే అసలు లెక్క తెలుస్తుంది.

ఖర్చు అంచనా కాగితం మీద తీసుకోండి. అమర్చే పరికరం, అదనపు ఐసీయూ రోజులు, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వస్తే అయ్యే ఖర్చు అందులో ఉన్నాయో లేవో విడివిడిగా రాయించుకోండి.