బూరలకు తలంటు

ఆషాఢం, బుధవారం. పొద్దుటి నుంచీ పడమటి గాలి.

శ్రావణం వచ్చేదాకా మా బ్యాండుమేళానికి పెళ్ళి బేరాల్లేవు. ముహూర్తాల డైరీలో తెల్ల కాగితాలే. మధ్యలో ఏ చావు కబురో వస్తే నలుగురైదుగురు డ్రమ్ములు తగిలించుకుని పోయి వస్తారు, అంతే. సామాను మొత్తం విప్పి కడిగే పని అందుకే ఈ నెలకు పెట్టుకునేది. వైశాఖ జ్యేష్ఠాల్లో బూర పెట్టెలోంచి తీయడం, ఊదడం, మళ్ళీ పెట్టెలో పడెయ్యడమే. లోపల ఏం పేరుకుందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఇత్తడికి ఇంకో బాధ ఉంది. పాకల సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పుంటుంది. తుడవకుండా వదిలేసిన బూరకు కీళ్ళ దగ్గర, అతుకుల దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. చిలుముతో పెద్ద భయం లేదు, గుడ్డతో పోతుంది. భయపడాల్సింది గులాబీ రంగు చుక్కలకు. ఇత్తడిలో ఉండేవి రాగీ, జింకూ. లోపల నిలిచిన తేమకు జింకు కరిగిపోయి రాగి మిగిలిన చోట ఆ చుక్క బయటపడుతుంది. అంటే గొట్టాన్ని లోపలి నుంచి తినుకుంటూ వచ్చి ఇప్పటికి పైకి తేలిందన్న మాట. బ్రాస్సో పాలిషు పెట్టి ఎంత రుద్దినా అది పోదు. ఇవాళ ఒక ట్రంపెట్టుకు మౌత్‌పీసు దూరే గొట్టం మీద అలాంటివి రెండు కనబడ్డాయి. ఉమ్మి తేమ ముందు తగిలేది అక్కడే.

పన్నెండుమంది మేళం: ట్రంపెట్లు మూడు, క్లారినెట్లు రెండు, సాక్సు ఒకటి, యుఫోనియం (ఒడిలో పట్టే పెద్ద బూర) ఒకటి, కీబోర్డు ఒకటి, సైడు డ్రమ్ములు రెండు, పెద్ద డ్రమ్ము, తాళాలు. గిలకలు ఊపేవాడు ఎవరో ఒకరి కొడుకై ఉంటాడు, వాడు లెక్కలోకి రాడు.

ట్రంపెట్లతో మొదలు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు, గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు రెండు చెంచాలు. మరిగే నీళ్ళు పోస్తే పైన లక్కరు పూత పొరలు పొరలుగా లేస్తుంది. టబ్బు అడుగున పాత తువాలు పరవాలి, లేకపోతే బెల్లు (బూర వెడల్పాటి నోరు) అంచు సొట్టపోతుంది. ముందు వేళ్ళతో నొక్కే పిస్టన్లు మూడూ తీసి, వరస తప్పకుండా పొడిగుడ్డ మీద పెట్టాలి. వాటి మీద 1, 2, 3 అని చెక్కి ఉంటుంది. పాతవాటి మీద అంకెలు అరిగిపోతాయి గనక వరసే దిక్కు. పిస్టన్ల పైనుండే ఫెల్టు ముక్కలు తడవకూడదు. తడిస్తే ఉబ్బి, పిస్టను దిగాల్సినంత కిందికి దిగదు, స్వరం పలకాల్సిన చోట పలకదు. తర్వాత కింది మూతలు, ఆపైన స్లైడులు, అంటే లోపలికీ బయటికీ జారే వంపు గొట్టాలు. పెద్ద స్లైడు లోపలికి బ్రష్షు పోనిచ్చి లాగితే పచ్చగా, జారుగా ఒక తోలు లాంటిది వచ్చింది. ఎండాకాలం పెళ్ళిళ్ళలో తిన్నదంతా అందులోనే ఉంది.

ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది గానీ వినేవాళ్ళు లేరు. విడిదింట్లో పెట్టిన మలైకాజా తిని, కూల్‌డ్రింకు తాగి, తాంబూలం బుగ్గన ఉండగానే బూర ఎత్తుతారు. ఆ తీపి ఉమ్మితో కలిసి పిస్టన్ల దాకా పోతుంది. మర్నాటికి ఎండి బంక అవుతుంది. నొక్కిన పిస్టను పైకి లేవకపోతే స్ప్రింగు పోయిందనుకుని స్ప్రింగు మారుస్తారు. స్ప్రింగుకేం కాదు, అది బెల్లంపాకం పని. ఒక గ్లాసు మంచినీళ్ళతో నోరు పుక్కిలించి ఊదితే ఈ చాకిరీలో సగం తప్పుతుంది.

బ్రష్షు లేనివాళ్ళు సైకిలు బ్రేకు తీగ దూరుస్తారు. అది లోపల గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే మళ్ళీ మురికి పట్టుకుంటుంది. దారానికి నూలుగుడ్డ పీలిక కట్టి లాగితే చాలు. పిస్టన్లకు మాత్రం బ్రాస్సో తగలనివ్వకూడదు. పిస్టనుకూ దాని గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో నూరోవంతుల్లో ఉంటుంది. బ్రాస్సోలో ఉండేది సన్నటి గరుకుపొడి. మెరవడానికి రుద్దిన ప్రతిసారీ ఆ సందు పెరిగి, గాలి పక్కనుంచి జారిపోతుంది. పిస్టను మెరిస్తే ఎవరు చూస్తారు, మెరవాల్సింది బెల్లు. లక్కరు ఉన్న బెల్లుకైతే అదీ వద్దు, తడిగుడ్డ, ఆ వెంటనే పొడిగుడ్డ.

గాలి నిలుస్తోందో లేదో చూడడానికి ఒక సులువుంది. పిస్టను నొక్కకుండా దాని స్లైడును చటుక్కున లాగితే 'టప్' మనాలి, సీసా బిరడా ఊడినట్టు. టప్‌మంటే బిగువుగా ఉన్నట్టు. మెత్తగా ఊడి వచ్చిందంటే పిస్టను అరిగినట్టు. ఇవాళ రెండు టప్‌మన్నాయి, మూడోది అనలేదు. ఆ మూడోది ఊదే కుర్రాడికి ఊపిరి చాలదని అందరూ అంటారు. చాలకేం? ఊదిన దాంట్లో కొంత దారిలోనే కారిపోతుంటే ఎవరి ఊపిరైనా అంతే. మేళం బాగాలేదని ఊళ్ళో అనేవాటిలో చాలా భాగం నోటి తప్పు కాదు, ఎక్కడో ఒక చోట గాలి పోవడమే. ఉమ్మినీళ్ళు వదిలే మీట కింద గోరంత బిరడా ముక్క ఉంటుంది. అది ఎండి పగిలితే పైస్థాయి స్వరాలు బొంగురుపోతాయి. సీసా బిరడాలోంచి బ్లేడుతో కోసి జిగురుతో అంటిస్తే సరిపోయే రిపేరు. ఇవాళ రెండింటికి మార్చాం.

మళ్ళీ బిగించేటప్పుడు ఒక్కో పిస్టనుకు మూడు నాలుగు చుక్కల వాల్వు నూనె. అది లేనప్పుడు పల్చటి కుట్టుమిషన్ నూనె. కొబ్బరినూనె వద్దు, ధనుర్మాసం చలికి గడ్డకడుతుంది. కిరసనాయిలు పిస్టన్ను జారనిస్తుంది గానీ గంటలో ఆరిపోతుంది, వాసన నేరుగా నోట్లోకి. పిస్టన్ను దించి కొద్దిగా తిప్పితే గాడిలో 'టిక్' మని కూర్చోవాలి. కూర్చోకపోయినా, 1 ఉండాల్సిన చోట 3 పెట్టినా, ఊదితే గోడకు ఊదినట్టే, గాలి ముందుకు పోదు. కొత్త పిలకాయలు అక్కడే హడలిపోతారు, బూర చెడిపోయిందని.

మధ్యాహ్నం క్లారినెట్లు. విప్పితే అయిదు ముక్కలు: మౌత్‌పీసు, బ్యారెల్, పైగొట్టం, కిందిగొట్టం, బెల్లు. రెండూ ఎబొనైటువే, గట్టి రబ్బరన్న మాట. ఒకటి ఎండకు నలుపు వదిలి కాఫీపొడి రంగుకు తిరిగింది. రంగు పోయినా పలుకు పోలేదు. కర్రవైతే ఈ ఎండలకు నెర్రెలిస్తాయి, అందుకే బయట ఊదేవాళ్ళకు ఎబొనైటే మేలు.

క్లారినెట్టుతో వచ్చే తగాదా అంతా ప్యాడ్లతోనే. చిల్లుల మీద మూతల్లా పడే మెత్తలవి. ఒక్కదాని అంచు కాస్త లేచినా కింది స్వరాలు పలకవు, లేదా కీచుమంటాయి. ఏది లేచిందో కంటికి తెలియదు. గాలిపటాల పల్చటి కాగితాన్ని అర సెంటీమీటరు వెడల్పున పీలికలుగా కోసి, ప్యాడు కింద పెట్టి, మూసి, మెల్లగా లాగి చూడాలి. నాలుగు దిక్కులా ఒకే పట్టు ఉండాలి. ఒక దిక్కున జారిపోతే గాలి అటే పోతోంది. అప్పుడు మూత వెనక స్పిరిటు దీపం సెగ తగిలిస్తే లోపలి లక్క కరుగుతుంది. ప్యాడును సూదిమొనతో సర్ది, లక్క ఆరేదాకా మూతను మెత్తగా అదిమి ఉంచాలి. గట్టిగా నొక్కితే ప్యాడు మీద లోతుగా గాడి పడి మళ్ళీ మొదటికే వస్తుంది. మంట ఎబొనైటుకు తగలకూడదు. తగిలితే రబ్బరు కాలిన కంపు ముందు, గొట్టం పోవడం తర్వాత. ఇవాళ మూడు ప్యాడ్లకు రెండు గంటలు పట్టింది. సూదిస్ప్రింగులు మూడు తుప్పు పట్టి ఉన్నాయి, ఉప్పుగాలి పుణ్యం. ఊరేగింపు మధ్యలో స్ప్రింగు తెగితే రబ్బరు బ్యాండే గతి, చాలామంది మూతలకు ఇప్పటికీ రెండు మూడు చుట్టి ఉంటాయి.

రీడు, అంటే మౌత్‌పీసుకు బిగించే పల్చటి రెల్లు ముక్క, దాని సంగతి ఒక ముక్క. ఒకే రీడును రోజూ ఊది ఊది చంపేయడం కన్నా మూడు నాలుగు మార్చి మార్చి వాడితే అన్నీ ఎక్కువకాలం వస్తాయి. పెట్టే ముందు నోట్లో ఒకటి రెండు నిమిషాలు తడవాలి. రీడు కొస మౌత్‌పీసు కొసతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. ఎక్కువ బయటికొస్తే బిగుసుకుంటుంది, లోపలికి దిగితే కీచుమంటుంది.

డ్రమ్ముల పని గంటలో అయింది. తోలు పోయి ఫైబర్ వచ్చాక గడ్డిమంట వేసి వెచ్చబెట్టే బాధ లేదు. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా, సగం చుట్టు చొప్పున బిగించాలి, అంతే. కోట్లు ఉతికి ఆరేశాం. జరీ అంచులకు ఇస్త్రీ పెట్టెను నేరుగా తగిలించకూడదు, మధ్యలో గుడ్డ ఉండాలి.

సాయంత్రం అయిదింటికి సాధన. ట్రంపెట్టులో పిస్టన్లు నొక్కకుండానే స, ప, పై స, గ, ప పలుకుతాయి, పెదవి బిగింపుతోనే. రెండో పిస్టను అర స్వరం దించుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. మిగతావన్నీ ఈ మూడింటి కూడికలే. అయితే 1, 3 కలిపి నొక్కినప్పుడు లెక్క కొంచెం తప్పి స్వరం పైకి పోతుంది. దాన్ని సరిచేయడానికే మూడో స్లైడుకు వేలు దూర్చే రింగు పెట్టారు. ఆ స్లైడు బిగుసుకుపోయిన బూరతో ఆ స్వరం జన్మంతా తప్పే పలుకుతుంది. ఇవాళ మూడింటికీ వాజిలిన్ రాసి జారేలా చేశాం.

నేర్చుకునే పిలకాయలకు మొదట నోట్టు స్వరాలు చెప్పడం మంచి పద్ధతి. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఇంగ్లీషు బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యం కట్టినవవి. అన్నీ శంకరాభరణం స్వరాలు, గమకాల్లేకుండా, స్వరం ఊగకుండా నేరుగా నడుస్తాయి గనక ట్రంపెట్టు వేళ్ళకు కుదురుతాయి. బ్యాండు నుంచి వచ్చిన మెట్టు మళ్ళీ బ్యాండుకే చేరుతుంది. గమకం కావాలంటే పిస్టన్ను సగం నొక్కి జార్చాలి, పెదవి సడలించాలి, అది రెండేళ్ళ తర్వాతి మాట. నాదస్వరం విన్న చెవికి అది ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వరం మీద ఊదిన తోడి రాగం విన్నాక బూరతో గమకం పలికించామని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళ గట్టిమేళం సన్నాయి వాళ్ళది. బ్యాండు గేటు బయట నోరు మూసుకుని నిలబడాలి, ఆ మర్యాద అందరికీ తెలిసిందే.

శృతి కలిపేటప్పుడే అసలు గొడవ. కీబోర్డు రానంతవరకూ బూరలన్నీ కలిసి పైకి పోయినా, కిందికి దిగినా ఎవరికీ తెలిసేది కాదు. కీబోర్డు ఎండకు కదలదు, బూర కదులుతుంది. లోపలి గాలి పది డిగ్రీలు వేడెక్కితే శృతి అర స్వరంలో మూడోవంతుకు కొంచెం తక్కువగా పైకి జరుగుతుంది. ట్రంపెట్టులో పెద్ద స్లైడును సుమారు అరంగుళం బయటికి లాగితే అది సరి. యుఫోనియం గొట్టం దానికి రెండింతల పొడవు గనక అంగుళం లాగాలి. క్లారినెట్టుకు బ్యారెల్ దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఇంకా లాగితే మధ్య స్వరాలు మరీ దిగిపోతాయి. నాలుగింటి ఎండలో ఎదురుకోలుకు కలిపిన శృతి, రాత్రి పదింటి ఊరేగింపుకు పనికిరాదు. గాలి చల్లబడ్డాక స్లైడును మళ్ళీ లోపలికి నెట్టాలి. నెట్టనివాడి బూర శృతిలో కీబోర్డు కింద వేలాడుతూ ఉంటుంది, వాల్యూం పెంచితే అది ఇంకా బాగా వినపడుతుంది.

ఇంకోటి, స ఎక్కడ పెట్టుకోవాలన్న లెక్కలో ట్రంపెట్టుకు ఆరున్నర శృతి హాయి. కీబోర్డు మీద రెండు శృతిలో పాట ఎత్తుకుంటే ట్రంపెట్టు వేళ్ళు చిక్కుపడతాయి. "ఏంనా, రెండులో ఎత్తావు, నా వేళ్ళు విరగ్గొడతావా" అని ఒకడు, "పాడే ఆమె గొంతు రెండుకే కదరా" అని ఇంకొకడు. ఆ పాట కోసం కీబోర్డు అబ్బాయి శృతి మార్చే ట్రాన్స్‌పోజు మీట నొక్కి, మళ్ళీ వెనక్కి పెట్టడం మర్చిపోయాడు. తర్వాతి పాట అందరికీ అర స్వరం తేడాలో మొదలైంది. ఆ మీటకు పక్కన ఎర్ర స్టిక్కరు అంటించాం.

చీకటి పడేసరికి అన్నీ పెట్టెల్లోకి చేరాయి. ఒక్క యుఫోనియం బయటే ఉంది. దాని పెద్ద స్లైడు కదలడం లేదు. ప్లయర్లు తెస్తానని ఒకరు లేచారు, వద్దన్నాం. ప్లయర్లతో తిప్పితే గొట్టం మెలిపడి అతుకు ఊడుతుంది. అతుకు చుట్టూ తుప్పునూనె చుక్కలు వేసి, చెక్కసుత్తితో నాలుగు వైపులా మెల్లగా తట్టి, బోర్లించి మంచం కింద పెట్టాం. రాత్రంతా నానాలి. పొద్దున స్లైడు వంపులోంచి తువాలు దూర్చి, ఒకరు బూరను ఒడిలో పట్టుకుంటే ఇంకొకరు కుదుపుతో లాగాలి. శ్రావణంలో మొదటి ముహూర్తం తెల్లవారుజాము మూడింటిది, కందుకూరు అవతల.