మోమో, పెంపా, మధ్యలో జెలెప్ లా: మా పాపతో ఒక పాత నవల చదివిన అనుభవం

మా పాపకి తొమ్మిదేళ్లు. కుక్కలంటే ప్రాణం. మేముండేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, ఇంట్లో కుక్కని పెంచే పరిస్థితి లేదు, అందుకని కుక్కలున్న కథలు ఎక్కడ దొరికినా ఏరి తెచ్చి చదివి వినిపిస్తుంటాను. అలా వెతుకుతుంటే తగిలింది డాటర్ ఆఫ్ ది మౌంటెన్స్. లూయిస్ రాంకిన్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన నవల, 1948లో వచ్చింది, 1949లో న్యూబెరీ ఆనర్ (అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే గౌరవం) కూడా వచ్చింది, బొమ్మలు కర్ట్ వీజ్ వేశారు. ఇంత మంచి పుస్తకం మన పిల్లల చేతుల్లో ఎందుకు లేదా అని నాకు నిజంగా బాధగా ఉంది, అందుకే మేం ఎలా చదివామో వివరంగా రాస్తున్నా.

కథ రెండు ముక్కల్లో చెప్తాను, ముగింపు మాత్రం చెప్పను. జెలెప్ లా అనే కనుమ కింద టిబెట్‌లో ఒక పల్లె, అక్కడ మోమో అనే చిన్న పిల్ల. నాన్న ఆ కొండల్లో టపా మోస్తాడు, అమ్మ దారినపోయే వర్తకులకి టీ అంగడి నడుపుతుంది. మోమోకి ఒకటే కోరిక, లాసా టెరియర్ కుక్క కావాలి. డబ్బున్న వాళ్ల ఇళ్లలో ఉండే కుక్క అది, వీళ్లకి కొనే స్తోమత లేదు, అయినా పట్టు వదలకుండా ప్రార్థిస్తే చివరికి దొరుకుతుంది. దానికి పెంపా అని పేరు పెట్టుకుంటుంది. ఓ రోజు ఆ దారిన పోయే వర్తకుడొకడు కుక్కని ఎత్తుకుపోతాడు. ఈ పిల్ల వెనకాముందూ చూడకుండా వాడి వెనకే బయల్దేరుతుంది, కొండ దిగి, అడవులు దాటి, ఊళ్లు దాటి కలకత్తా దాకా!

పుస్తకం సంపాదించడమే ముందు పెద్ద పని అయింది. కొత్త కాపీ మన షాపుల్లో లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తిరిగాం, పాపకి ఆ తిరగడమే ఓ పండగ, వేరే పుస్తకాలు బోలెడు దొరికాయి కానీ ఇది దొరకలేదు. చివరికి ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ పఫిన్ కాపీ ఒకటి తెప్పించుకున్నాను. పేజీలు పసుపెక్కాయి కానీ అన్నీ ఉన్నాయి. మీరు కొనేటప్పుడు అమ్మేవాళ్లని లోపలి పేజీల ఫొటోలు అడగండి, బొమ్మలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, ఈ పుస్తకానికి బొమ్మలు ముఖ్యం.

ఇక చదవడం. పాప స్కూల్లో ఇంగ్లీష్ మీడియమే కానీ ఈ ఇంగ్లీష్ పాతకాలపుది, వర్ణన ఎక్కువ, వాక్యాలు నెమ్మదిగా నడుస్తాయి. అందుకని నేను ఒక పేరా లోపల చదువుకోవడం, దాన్ని తెలుగులో కథలా చెప్పడం, మాటలొచ్చిన చోట మాత్రం మోమో గొంతు ఒకలా వాళ్లమ్మ గొంతు ఒకలా పెట్టి చెప్పడం. మోమో వాళ్లమ్మ మా ఇంట్లో అచ్చం గుంటూరు జిల్లా అమ్మలాగే మాట్లాడింది, "ఏమే, పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, చూడవేం" అని. పాపకి అలా బాగా ఎక్కింది. సగం పుస్తకం అయ్యాక తనే నా చేతిలోంచి లాక్కుని బొమ్మ ఉన్న పేజీలు చదవడం మొదలెట్టింది.

మొదటి అధ్యాయాల్లో ప్రార్థన గురించి చాలా ఉంటుంది. ఓం మణి పద్మే హుం, గాలికి ఎగిరే మంత్రాల జెండాలు, తిప్పే చక్రాలు. వీటిని వింత ఆచారాలుగా చూపించడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే నాకు ఇవి తెలిసినవే. మాది అమరావతి దగ్గర ఊరు. 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా కార్యక్రమం చేసినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. బుద్ధుడు కాలచక్ర బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం, ధాన్యకటకం అంటే మన అమరావతే. పాపకి ఇది చెప్తే నమ్మలేదు, అమ్మమ్మకి ఫోన్ చేసింది. మా అమ్మ చెప్పడం మొదలెట్టింది, "అబ్బో, ఊరంతా వాళ్లేనమ్మా, ముసలివాళ్లు కూడా చేతిలో ఆ చక్రం తిప్పుకుంటూ స్తూపం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, పొద్దున లేచి చూసినా తిరుగుతూనే ఉన్నారు" అని. ఆ ఫోన్ తర్వాత మోమో ప్రార్థన చేసే చోట పాప నవ్వలేదు, విసుక్కోలేదు. తను కూడా మౌనంగా కూర్చుని వింది.

అసలు ఈ పుస్తకానికి తాళంచెవి దారి. దారి బుర్రలో లేకపోతే మోమో నడుస్తూనే ఉన్నట్టు ఉంటుంది, ఎక్కడున్నామో తెలియదు. అందుకని చదవడం మొదలెట్టే ముందే జిరాక్స్ షాపులో సిక్కిం, ఉత్తర బెంగాల్ మ్యాప్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించాను, కొండలు కనిపించే రకం. గోడకి అంటించి పాప స్కెచ్ పెన్నుతో గీసింది. పైన లాసా, గ్యాంత్సే, తర్వాత ఫారీ, అక్కణ్ణుంచి చుంబీ లోయ. ఈ లోయ సిక్కింకి భూటాన్‌కి మధ్య చీలికలా కిందకి దిగి ఉంటుంది, మ్యాప్‌లో చూస్తేనే తెలుస్తుంది వర్తకులందరికీ ఇదే దారి ఎందుకయిందో. జెలెప్ లా దాటితే కుపుప్, నథాంగ్, జులుక్, లింగ్తమ్, రోంగ్లీ, పెడాంగ్, కాలింపాంగ్. నవల్లో ఈ ఊళ్ల పేర్లన్నీ వరసగా రావు, మేమే పాత వర్తక మార్గాన్ని పట్టుకుని గీసుకున్నాం. సరళ రేఖలో చూస్తే చాలా కొద్ది దూరం. పాప దారం తీసుకుని మలుపు మలుపుకీ వంచుతూ పెట్టి, మళ్లీ చాపి చూసుకుని, "అమ్మా ఇంత పొడవా, ఇదంతా నడిచిందా?" అంది. జులుక్ దగ్గర మలుపుల్లో దారం నిలవలేదు, ఫెవికాల్ పెట్టాల్సొచ్చింది.

ఎత్తులు కూడా పక్కన రాసుకున్నాం. జెలెప్ లా దాదాపు 14 వేల అడుగులు. కాలింపాంగ్ 4 వేల పైచిలుకు. కలకత్తా దాదాపు సముద్ర మట్టమే. పాపకి తెలిసిన ఎత్తు అరకు ఒక్కటే, అది 3 వేల అడుగులు, అక్కడే తనకి చలేసింది. దానికి నాలుగింతల పైన మోమో దాటే కనుమ అంటే కళ్లు పెద్దవి చేసింది. ఇది తెలిశాక, మంచు, తర్వాత దేవదారు చెట్లు, తర్వాత వెదురు, తర్వాత తీస్తా నది ఒడ్డున ఉక్కపోత, ఇలా మారుతున్న కొద్దీ ఆ ఉన్ని బట్టలతో మోమో ఏమైపోతుందో అని తనకే కంగారు.

కుక్క పోయిన రాత్రి మాత్రం నరకం. పాప ఏడుపు ఆపలేదు, చివరి పేజీ చూపించు, దొరుకుతుందో లేదో చెప్పు, లేకపోతే పడుకోను అని మొండికేసింది. మా ఆయన చెప్పేయమన్నారు. నేను చెప్పలేదు. చెప్పేస్తే ఆ పిల్ల దారి పొడవునా పడే ఆదుర్దా అంతా పాపకి అందకుండా పోతుంది, అది ఈ నవలకి గుండెకాయ. బదులుగా ఆ రాత్రే ఇంకో అధ్యాయం చదివాను, మోమో బయల్దేరేదాకా. బయల్దేరిందని తెలియగానే పాప కాస్త కుదుటపడింది. మీరు కూడా ఆ చోట పుస్తకం మూసేయకండి, పిల్ల దారిన పడేదాకా చదివి అప్పుడు లైటు ఆపండి.

కాలింపాంగ్ గురించి నేను బయట చదివినవి కూడా కలిపి చెప్పాను. టిబెట్ ఉన్ని అంతా కంచరగాడిదల మీద రెండు వైపులా మూటలుగా ఇక్కడికి దిగేది. ఇక్కడి గోడౌన్లలో దులిపి, రకాలు విడదీసి, బేళ్లు కట్టి కలకత్తా పంపేవాళ్లు, అక్కణ్ణుంచి ఓడల్లో అమెరికాకి కూడా వెళ్లేది, కార్పెట్లకి. మార్వాడీ వ్యాపారుల కొట్లు, టిబెటన్లు, నేపాలీలు, భూటాన్ వాళ్లు, లెప్చాలు అందరూ ఒకే బజార్లో. 1925 నుంచి గెర్గన్ తర్చిన్ గారు టిబెటన్ భాషలో పత్రిక నడిపింది కూడా ఈ ఊళ్లోనే. ఇంత చిన్న కొండ ఊళ్లో ఇన్ని భాషల మనుషులు ఎందుకున్నారో తెలిస్తే, ఒంటరి పిల్ల అక్కడ ఒకర్నొకర్ని అడుగుతూ ముందుకెళ్లడం నమ్మశక్యంగా ఉంటుంది.

రైలు సంగతి పాపకి బాగా నచ్చింది. ఆ రోజుల్లో తీస్తా లోయలో సిలిగురి నుంచి కాలింపాంగ్ కొండ కిందున్న గేల్ ఖోలా దాకా చిన్న గేజ్ రైలు ఉండేది, 1915లో వేశారు, 1950 వరదల్లో కొట్టుకుపోయింది, మళ్లీ వేయలేదు. సిలిగురి నుంచి కలకత్తా వెళ్లే పెద్ద రైలు ఇప్పటి బంగ్లాదేశ్ లోంచి, పద్మా నది మీద హార్డింజ్ బ్రిడ్జి దాటి వెళ్లేది. "మరి పాస్‌పోర్ట్ లేకుండా ఎలా?" అనడిగింది. అప్పుడు అంతా ఒకటే దేశం అని చెప్పి, విభజన గురించి ఆ రాత్రంతా మాట్లాడుకున్నాం, కథ ఒక్క పేజీ కూడా ముందుకి జరగలేదు. ఫర్లేదు, ఇలాంటి రాత్రుల కోసమే కదా చదువుకునేది.

రెండు విషయాల్లో ఆగి మాట్లాడాల్సి వచ్చింది. ఒకటి, కథ బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది, దొరలు దొరసానులు మంచివాళ్లుగానే కనిపిస్తారు. మంచి మనుషులు ఎక్కడైనా ఉంటారు కానీ వాళ్ల రాజ్యం వేరే సంగతి, 1903-04లో యంగ్‌హస్బెండ్ అనే బ్రిటిష్ అధికారి సైన్యాన్ని తీసుకుని ఈ జెలెప్ లా మీదుగానే టిబెట్ మీదకి వెళ్లాడు, చాలామంది టిబెటన్లు చనిపోయారు అని చెప్పాను. రెండోది, చిన్న పిల్ల తెలియని వాళ్లతో ప్రయాణం చేయడం. మోమోకి దారిలో చాలామంది సాయం చేస్తారు, అది చదవడానికి ఎంతో బాగుంటుంది, నాకూ కళ్లు చెమర్చాయి. కానీ తొమ్మిదేళ్ల పిల్లకి ఇది చదివేటప్పుడు, నీకు ఏదైనా పోతే ముందు అమ్మానాన్నలకి చెప్పాలి, ఒక్కదానివీ వెళ్లకూడదు అని గట్టిగానే చెప్పాను. తను కూడా అర్థం చేసుకుంది.

చదవడం సగంలో ఉండగా చలికాలం వచ్చింది, ప్రతి ఏడూ వచ్చినట్టే టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు వరసగా వెలిశాయి. పాప పట్టుబట్టి తీసుకెళ్లింది. ఒక పెద్దావిడ దగ్గర స్వెట్టర్ చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి "ఆంటీ, మీకు జెలెప్ లా తెలుసా?" అనడిగింది. ఆవిడ చేతిలో మడతపెడుతున్న స్వెట్టర్ అలాగే పట్టుకుని పాప వైపు చూసింది. తను పుట్టింది కర్ణాటకలో టిబెటన్లు స్థిరపడ్డ బైలకుప్పెలో, కానీ వాళ్ల నాన్న వాళ్లది ఫారీ వైపట. హిందీలో కాస్త, తెలుగులో కాస్త చెప్పింది. చిన్న అప్సో కుక్క, అంటే మన పెంపా రకమే, ఇంట్లో ఉంటుందట, ఎవరొచ్చినా ముందు అదే మొరుగుతుంది, అది మొరిగితే బయట కట్టేసిన పెద్ద కుక్క లేస్తుంది. వాళ్ల నాన్న చెప్పేవాడట. పాప అడిగింది, మీరెప్పుడైనా వెళ్లారా అని. లేదమ్మా, దారి మూసేశారు కదా అంది. ఇంటికొచ్చాక చెప్పాను, 1950లో చైనా సైన్యం వచ్చింది, 1959లో దలైలామా గారు మన దేశానికి వచ్చేశారు, 1962 యుద్ధంతో ఈ కనుమ మూతపడింది, పక్కనున్న నాథూ లా కనుమని 2006లో వ్యాపారానికి తెరిచారు కానీ జెలెప్ లా తెరవలేదు అని. పాప వెళ్లి మ్యాప్ మీద కనుమ దగ్గర ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసింది.

చివరి అధ్యాయాలు ఒక్క బైఠకులో అయిపోయాయి, ఆదివారం మధ్యాహ్నం, అన్నం కూడా లేటుగా తిన్నాం. ఏం జరిగిందో చెప్పనన్నాను కాబట్టి చెప్పను.

ఏ వయసుకి అంటే, వినడానికి ఎనిమిదేళ్లు సరిపోతుంది, సొంతంగా చదవడానికి పదకొండు పైన. రోజూ కొంచెం కొంచెం చదవండి, ముందు మ్యాప్ మాత్రం గోడకి పెట్టండి. ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ, వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్దామని. జెలెప్ లా దాకా టూరిస్టుల్ని పంపరు, కానీ రోంగ్లీలో పర్మిట్ తీసుకుంటే జులుక్, నథాంగ్, కుపుప్ వైపు మనవాళ్లు వెళ్లొచ్చు, ఫారినర్స్‌కి ఆ దారి లేదు. పిల్లలకి కూడా గుర్తింపు కాగితాలు, ఫొటోలు కావాలి. మా పాప పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు అప్పుడే తీయించుకుని పుస్తకంలో పెట్టుకుంది, మా ఆయన మాత్రం ఇంకా లీవ్ అప్లై చేయలేదు.